పెద్దవాళ్లను చూసుకునే మనిషి నెల తిరక్కుండా మానేస్తుంటే: మొదటి నుంచి చేయాల్సిన పనులు

"ఏజెన్సీ వాళ్లు ముగ్గురిని పంపారు, ముగ్గురూ వెళ్లిపోయారు. అమ్మను చూసుకునే మనిషి నిలవాలంటే ఏం చేయాలి?" ఈ ప్రశ్న హైదరాబాద్ నుంచి వస్తోంది, రాజమండ్రి నుంచి వస్తోంది, డల్లాస్‌లో ఉంటూ విజయవాడలో ఉన్న నాన్నకు మనిషిని వెతుకుతున్నవాళ్ల నుంచీ వస్తోంది. చాలామంది మంచి మనిషి ఎక్కడ దొరుకుతుందో చెప్పమంటారు. నన్నడిగితే వెతకడం కంటే నిలుపుకోవడమే కష్టం. ఆ పని మనిషి మీ గుమ్మంలోకి రాకముందే మొదలవ్వాలి.

కింద రాసింది ముఖ్యంగా ఇంట్లోనే 24 గంటలు ఉండే కేర్‌టేకర్ గురించి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్ల విషయంలోనూ చాలావరకు పనికొస్తుంది. చిన్న వృద్ధాశ్రమాలు నడిపేవాళ్లు పదకొండో భాగం కూడా చూడండి.

1. పని ఎంతుందో ముందు కాగితం మీద పెట్టండి

ఫోన్లు చేయడం మొదలుపెట్టకముందు ఇంట్లో ఏం జరుగుతోందో రెండు రోజులపాటు గంటల లెక్కన రాయండి. రాత్రి సంగతి కూడా.

"అమ్మ మెల్లగా నడుస్తుంది, పెద్దగా పనేం ఉండదు" అని చెప్పి మనిషిని రప్పిస్తారు. వచ్చాక చూస్తే ఆవిడ రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంది, తెల్లవారుజామున "మా ఊరు పోతాను, తలుపు తియ్యి" అంటుంది. మూడో రోజుకల్లా "మా పిల్లకి జ్వరమంటమ్మా" అని మనిషి బ్యాగు సర్దుకుంటుంది. ఆ జ్వరం సంగతి మీకు తెలుసు. పని గురించి మీరు ఎంత దాచారో ఆవిడకి తెలుసు.

రాసుకోవాల్సినవి:

- పెద్దావిడ లేదా పెద్దాయన బరువు ఎంత? లేపి కూర్చోబెట్టడానికి ఒక్కరు చాలా, ఇద్దరు కావాలా?
- రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?
- బాత్రూమ్‌కి నడుస్తారా, కమోడ్ కుర్చీనా, డైపరా, యూరిన్ బ్యాగా?
- తానే తింటారా, తినిపించాలా, ముక్కు గొట్టమా?
- మతిమరుపు, అనుమానం, తిట్టడం, చెయ్యి చేసుకోవడం ఉన్నాయా?
- ఇన్సులిన్, పుండ్లకు డ్రెస్సింగ్ లాంటివి ఉన్నాయా?

ఆ చివరి వరుస దగ్గర కాస్త ఆగండి. ఇంజెక్షన్లు, గొట్టాలు మార్చడం, కేథటర్ వేయడం నర్సుల పని, అంటే ఏఎన్‌ఎం లేదా జీఎన్‌ఎం చదివినవాళ్లది. అటెండెంట్‌గా వచ్చిన మనిషికి అవి అంటగడితే, ఏదైనా అయితే తన మీదకి వస్తుందన్న భయంతోనే వెళ్లిపోతుంది. అవసరమైతే నర్సును రోజుకి ఒకసారి వచ్చి వెళ్లేలా విడిగా మాట్లాడుకోండి.

తర్వాత కాగితాన్ని రెండుగా మడిచి ఒకవైపు "అమ్మ పని", రెండోవైపు "ఇంటి పని" అని రాయండి. అమ్మ బట్టలు, అమ్మ గది, అమ్మ వంట మొదటివైపు. మిగతావాళ్ల గిన్నెలు, ఇల్లు తుడవడం, వచ్చిన చుట్టాలకు కాఫీలు రెండోవైపు. రెండోవైపు పనులు కేర్‌టేకర్‌వి కావు. కావాలంటే ముందే చెప్పి, దానికి వేరే డబ్బు కట్టాలి. "ఎలాగూ ఖాళీగానే కూర్చుంది కదా, ఈ నాలుగు గిన్నెలు తోమితే ఏం?" అన్న దగ్గరే సగం ఇళ్లలో గొడవ మొదలవుతుంది.

2. బడ్జెట్ వేయండి

జీతం ఎంతో అనుకుని అక్కడితో ఆగిపోతారు. నెలకు 20,000 జీతం అనుకుందాం. ఊరికే లెక్క కోసం, మీ ఊళ్లో రేటు వేరే ఉండొచ్చు.

- జీతం: 20,000
- నెలకి నాలుగు సెలవులు, ఆ రోజుల్లో వచ్చే బదిలీ మనిషికి రోజుకి 900 చొప్పున: 3,600
- పండక్కి ఒక నెల జీతం ఇస్తే, నెలవారీగా పక్కన పెట్టాల్సింది: సుమారు 1,670
- ఫోన్ రీఛార్జ్: 300

మొత్తం 25,500 దాటుతుంది, భోజనం ఖర్చు ఇందులో లేదు. ఇది మీ చేతిలో లేకపోతే జీతం తగ్గించకండి, గంటలు తగ్గించండి. 24 గంటల మనిషి బదులు పగటిపూట 12 గంటల మనిషిని పెట్టుకుని రాత్రి ఇంట్లోవాళ్లు చూసుకోవడం మేలు. తక్కువ జీతానికి 24 గంటలు ఒప్పుకున్న మనిషి ఇంకో మంచి చోటు దొరికేదాకానే ఉంటుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఖర్చు పంచుకుంటుంటే ఎవరు ఎంత, ఏ తారీకున, ఎవరి ఖాతాకి అన్నది ఇప్పుడే తేల్చుకోండి. "అన్నయ్య ఇంకా వెయ్యలేదు" అని జీతం ఆపితే ఆ కుటుంబ రాజకీయం ఆవిడకి అనవసరం.

3. ఏజెన్సీ నుంచా, నేరుగానా

ఏజెన్సీతో ఒక సుఖం ఉంది. మనిషి రాకపోతే ఇంకొకరిని పంపుతారు. కష్టం కూడా అదే. నెల కాకుండానే మనుషుల్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిప్పుతారు. మీరు కట్టే డబ్బులో మనిషికి ఎంత చేరుతోందో చాలాసార్లు చెప్పరు. ఈ నాలుగూ అడగండి:

- నేను కట్టేదాంట్లో ఆమె చేతికి ఎంత వస్తుంది? ఏ తారీకున?
- ఆమె సెలవు పెట్టిన రోజు ఎవరిని పంపుతారు? ఆ రోజుకి ఆమె జీతం కోస్తారా?
- మీ దగ్గర పదిమంది, అంతకు పైన ఉంటే ఈఎస్‌ఐ, ఇరవైమంది, అంతకు పైన ఉంటే పీఎఫ్ కడుతున్నారా?
- ఆమెను మా ఇంట్లోనే ఎక్కువకాలం ఉంచాలంటే మీ షరతు ఏంటి?

రెండో ప్రశ్నకి తడబడ్డారంటే ఆ ఏజెన్సీలో మనుషులు నిలవడం లేదని అర్థం.

నేరుగా పెట్టుకుంటే ఆధార్ జిరాక్స్ తీసుకుని, పోలీస్ వెరిఫికేషన్‌కి ఇచ్చి, ఒరిజినల్ వెంటనే చేతికి ఇచ్చేయండి. ఒరిజినల్ కార్డు దగ్గర పెట్టుకుంటే మనిషి పారిపోదనుకుంటారు కొందరు. అది తప్పు, పైగా ఆ ఇంటి గురించి ఆవిడకి మొదటి రోజే ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది.

4. మాట్లాడుకునే రోజు

మీరు రాసుకున్న కాగితం ఆమెకు చదివి వినిపించండి. కష్టమైన సంగతులు ముందు చెప్పండి. "నాన్నగారికి కోపం ఎక్కువ, తిడతారు. రాత్రి రెండుసార్లు డైపర్ మార్చాలి." ఇది విని వద్దనుకుంటే మంచిదే, మూడో రోజు వెళ్లిపోయే మనిషి ముందే వెళ్లింది.

ఒకసారి పెద్దాయన్ని లేపి కూర్చోబెట్టమనండి. చేతులు ఎక్కడ వేస్తుందో, ముందుగా ఆయనకి చెప్పి లేపుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. సర్టిఫికెట్ ఉంటే మంచిదే. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అని స్కిల్ కోర్సులు ఉన్నాయి. కానీ కాగితం లేని చాలామందికి పని బాగా వచ్చు.

తర్వాత ఆమె సంగతులు అడగండి. మన ప్రాంతంలో ఎవరూ అడగని ప్రశ్నలు ఇవే:

- డ్వాక్రా వాయిదా ఏ తారీకున? (జీతం దానికి ముందే పడాలి)
- ఊళ్లో పింఛను ఉందా? ఆంధ్రాలో ఒంటరి మహిళ, వితంతు పింఛను తీసుకునేవాళ్లయితే ఒకటో తారీకు ప్రాంతంలో ఊళ్లో ఉండి తీసుకోవాలి.
- పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు? వాళ్లతో మాట్లాడే వేళ ఏది?
- ఆదివారం చర్చికి వెళ్తుందా? ఏ పండగకి ఊరు తప్పనిసరి? సంక్రాంతా, బతుకమ్మా, క్రిస్మసా, రంజానా?
- గుడ్డు, మాంసం మీ ఇంట్లో కుదరకపోతే అది ఇప్పుడే చెప్పండి.

పింఛను మాట చిన్నదిగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో పనిచేసే గోదావరి జిల్లాల ఆవిడ నెలాఖరుకి "రెండు రోజులు ఊరెళ్లాలి" అంటే ఇంటివాళ్లు నాటకమనుకుంటారు. ఆమెకు ఆ నాలుగు వేలు ఊళ్లో తల్లి మందులకి. ఆ రెండు రోజులు ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టేస్తే నెలనెలా గొడవ ఉండదు.

అన్నట్టు "మీవాళ్లేంటి?" అని కులం ఆరా తీయడం మానండి. పనికి దానితో సంబంధం లేదు.

5. ఇంట్లో ఆమెకి చోటు

ఆమె వచ్చేలోపు సిద్ధంగా ఉండాల్సినవి:

- నడుము వాల్చడానికి మంచం లేదా మంచి పరుపు, ఫ్యాను, దోమతెర
- తాళం పడే ఒక అర లేదా పెట్టె
- గడియ పడే బాత్రూమ్
- ఫోన్ ఛార్జింగ్‌కి ప్లగ్గు
- గ్లౌజులు, అండర్‌ప్యాడ్‌లు, డైపర్లు, సబ్బు: ఎక్కడున్నాయో చేతికి అందేలా

కంచం, గ్లాసు సంగతి తిన్నగానే చెప్పాలి. పనిమనిషి గ్లాసు విడిగా కిటికీలో పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అమ్మకి స్నానం చేయించి, మలమూత్రాలు ఎత్తి, అన్నం తినిపించే చెయ్యి మంచినీళ్ల బిందె ముట్టుకోకూడదంటే ఆ ఇంట్లో ఎవరు మాత్రం ఉంటారు? అందరూ తినే కూరే ఆమెకీ పెట్టండి, వేడిగా ఉన్నప్పుడే. మిగిలిపోయిన నిన్నటి పప్పు కాదు.

మంచం ఎత్తు కూడా చూసుకోండి. పూర్తిగా మంచాన పడ్డవాళ్లయితే కాళ్ల కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టి, నిలబడ్డ మనిషి నడుము దాకా వచ్చేలా ఎత్తు పెంచండి. వంగి వంగి చేస్తే నడుం పోతుంది. ఈ పనిలో మనుషులు మానేయడానికి నడుం నొప్పి పెద్ద కారణం, కానీ చెప్పరు. పెద్దవాళ్లు లేచి నడిచేవాళ్లయితే మాత్రం మంచం ఎత్తు పెంచకండి, కూర్చుంటే వాళ్ల పాదాలు నేలకి ఆనాలి.

పక్క తిప్పడం ఇలా. పాత దుప్పటిని నాలుగు మడతలేసి, పెద్దావిడ భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా కింద పరవండి. ఇద్దరుంటే చెరో వైపు దుప్పటి అంచులు ఒంటికి దగ్గరగా పట్టుకుని జరపాలి. ఒక్కరే ఉంటే, తమకి దూరంగా ఉన్న ఆవిడ మోకాలు మడిచి, ఆ వైపు భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి తమ వైపుకి దొర్లించుకోవాలి. చంకల్లో చేతులు పెట్టి లాగితే ఆవిడ భుజాలూ పాడవుతాయి, ఈవిడ నడుమూ పాడవుతుంది. దగ్గర్లో ఫిజియోథెరపిస్ట్ ఉంటే ఒకరోజు పిలిపించి చూపించమనండి.

రక్తం తగిలే పని ఉంటే హెపటైటిస్ బి టీకా మీ ఖర్చుతో వేయించండి. మామూలుగా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది.

6. మొదటి వారం

మొదటి రోజు పక్కనే ఇంట్లోవాళ్లు ఒకరు ఉండాలి, తప్పదు. కొత్త మనిషి చేత స్నానం చేయించుకోవడం పెద్దవాళ్లకి ఎంత ఇబ్బందో ఆలోచించండి. మొదటి రోజు స్నానం మీరు చేయించండి, ఆమె నీళ్లు అందించాలి. రెండో రోజు ఆమె చేయిస్తే మీరు అందించండి. మూడో రోజు మీరు తలుపు బయట ఉండండి.

అమ్మకి ఆమెను పరిచయం చేసేటప్పుడు "నీకు పనిమనిషిని పెట్టాను" అనొద్దు. పేరు చెప్పండి. ఇంట్లో పిల్లలు ఆమెను అక్క అనో, ఆంటీ అనో పిలవాలి. "ఏయ్", "ఓయ్" కుదరదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. టైము, తిన్నది, మందులు, మూత్రం, మలం, నిద్ర, కొత్తగా కనిపించింది. చదువు రాకపోతే గుర్తులు వేసుకునే గడులు గీసి ఇవ్వండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ పుస్తకం ఆమె చేతే పట్టించి, ఆమె చేతే చెప్పించండి. తను చెప్పిందాన్ని బట్టి డాక్టర్ మందు మార్చాడంటే ఆ పని మీద ఆమెకొచ్చే పట్టు వేరు.

ఆదేశాలు ఇచ్చేది ఇంట్లో ఒక్కరే. అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్‌లో ఒకటి, కూకట్‌పల్లి నుంచి కూతురు ఒకటి, ఇంట్లో కోడలు ఒకటి చెబితే ఆమె ఎవరి మాట వినాలి? మిగతావాళ్లు చెప్పాల్సింది ఆ ఒక్కరికే చెప్పాలి.

ఏడో రోజు, పదిహేనో రోజు, నెల నిండిన రోజు పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. "అంతా బాగుందా?" అనకండి, "బాగుందమ్మా" అనే జవాబే వస్తుంది. "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? ఏ పని ఒంటి చేత్తో కష్టంగా ఉంది? అమ్మ ఏమైనా అందా?" అని విడివిడిగా అడగండి.

7. నిద్ర

24 గంటల మనిషి అంటే 24 గంటలు మెలకువగా ఉండే మనిషి కాదు. మనుషులు మానేసే ఇళ్లలో నేను మొదట అడిగేది రాత్రి గురించే.

నోట్‌బుక్‌లో రాత్రి లేచిన ప్రతిసారీ టైము రాయించండి. వారం తర్వాత చూడండి. ఒకటి రెండుసార్లయితే సర్దుకోవచ్చు. అంతకు మించితే మధ్యాహ్నం మూడు గంటలు ఆమెను ఎవరూ పిలవకూడదు. ఆ మూడు గంటలు ఇంట్లోవాళ్లో, పగటి మనిషో అమ్మ దగ్గర ఉండాలి. అదే గదిలో "కాసేపు కునుకు తియ్యి" అంటే అది నిద్ర కాదు, అమ్మ దగ్గితే లేవాలి.

మంచాన ఉన్నవాళ్లని పుండ్లు పడకుండా రెండేసి గంటలకి పక్క తిప్పాలంటారు. రాత్రంతా ఒక్క మనిషి అది చేస్తూ మళ్లీ పగలంతా పనిచేయడం అయ్యే పని కాదు. ఎయిర్ బెడ్ తెచ్చి, రాత్రి ఎంత వ్యవధిలో తిప్పితే చాలో డాక్టర్‌ని అడగండి. అప్పటికీ తరచూ లేవాల్సి వస్తే ఇద్దరు మనుషులు కావాలి, ఇంకో దారి లేదు.

లేవడాలు తగ్గించే చిన్న పనులు కొన్ని. సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానిపించడం. మూత్రం వచ్చే మందు సాయంత్రం వేస్తుంటే పొద్దుటికి మార్చొచ్చా అని డాక్టర్‌ని అడగడం, సొంతంగా మార్చడం కాదు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ. మతిమరుపు ఉన్నవాళ్లు పగలు నిద్రపోకుండా కాసేపు ఎండలో కూర్చోబెట్టడం.

8. సెలవు, బదిలీ మనిషి

సెలవు ఇవ్వని ఇంట్లో మనిషి చెప్పకుండా మానేస్తుంది, ఎందుకంటే చెబితే వెళ్లనివ్వరు. నెలకి నాలుగు రోజులు, జీతం కోయకుండా. వారానికి ఒకటా, నెలాఖరున కలిపా అన్నది ఆమె ఇష్టం. ఊరు దూరమైతే కలిపే అడుగుతారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీలో కొన్ని రకాల బస్సుల్లో ఉచితమే, కానీ అది రాష్ట్రం లోపలే. హైదరాబాద్ నుంచి అమలాపురం వెళ్లాలంటే టికెట్ కొనాలి, ఒకరోజు ప్రయాణానికే పోతుంది. నెలకి ఒకసారి ఆ టికెట్ మీరు కొనిస్తే పెద్ద ఖర్చేం కాదు.

మనిషిని పెట్టుకున్న వారంలోనే బదిలీ మనిషిని చూసి పెట్టుకోవాలి. ఇలా చేయండి:

- అదే కాలనీలో ఇంకో ఇంట్లో పగలు చేసే మనిషిని గానీ, మీ కేర్‌టేకర్‌కి తెలిసిన మనిషిని గానీ మాట్లాడండి.
- మొదటి రెండుసార్లు ఇద్దరూ ఇంట్లో ఉండగా నేర్పించండి, ఆ రోజుకి ఇద్దరికీ డబ్బు ఇవ్వండి.
- నెలకి కనీసం రెండు రోజులు ఆమెకు పని దొరికేలా చూడండి. లేకపోతే అవసరమైనప్పుడు దొరకదు.
- మందుల పట్టిక, డాక్టర్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు తలుపు వెనక అంటించండి.

సంక్రాంతికి ఆంధ్రా సగం ఊరికి కదులుతుంది. జనవరి 10న బదిలీ మనిషి కోసం వెతికితే ఎవరూ దొరకరు, డిసెంబర్‌లోనే తేల్చుకోండి. క్రిస్మస్ చేసుకునే మనిషి, సంక్రాంతి చేసుకునే మనిషి మీ దగ్గర చేసే ఇద్దరిలో ఉంటే చాలా హాయి, ఒకరికొకరు సర్దుకుంటారు.

9. జీతం, అడ్వాన్సు, చిన్న భద్రత

జీతం ఏ తారీకు అన్నారో ఆ తారీకునే, ఆమె ఖాతాలోనే వేయండి. భర్త ఖాతాలో కాదు, ఆమే అడిగితే తప్ప. ఆరు నెలలకి ఒకసారి పెంచుతామని మొదట్లోనే చెప్పి, ఆ నెల ఆమె అడగకముందే పెంచండి. పాత చీరలు ఇవ్వడం జీతం పెంచడం కాదు.

అడ్వాన్సు అడుగుతారు, జూన్‌లో స్కూలు ఫీజులప్పుడు మరీ. ఒక నెల జీతం దాకా ఇవ్వండి, అయిదారు నెలల్లో కొద్దికొద్దిగా కోసుకోండి, నోట్‌బుక్ వెనక పేజీలో ఇద్దరూ సంతకం పెట్టండి. "అప్పు తీరేదాకా కదలడానికి వీల్లేదు" అనే మాట మాత్రం రాకూడదు. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టేయడం 1976 నుంచి చట్టప్రకారం నేరం.

ఒక మధ్యాహ్నం కూర్చుని ఈ పనులు చేయించండి:

- ఈ-శ్రమ్ నమోదు (16 నుంచి 59 ఏళ్లలోపు)
- ఆమె బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా: ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు (18 నుంచి 70 ఏళ్లు)
- జీవన్ జ్యోతి బీమా: ఏడాదికి 436 రూపాయలు, చనిపోతే 2 లక్షలు (చేరడానికి 50 ఏళ్లలోపు)

రెండూ కలిపి ఏడాదికి 456 రూపాయలు, మీరే కట్టండి.

10. గొలుసు పోయిందన్నప్పుడు, చెయ్యి పట్టుకున్నప్పుడు

మతిమరుపు ఉన్నవాళ్లు వస్తువు ఎక్కడో పెట్టి మర్చిపోయి "ఇదే తీసింది" అంటారు. అది జబ్బు లక్షణం. విని మీరు ఆమె బ్యాగు వెతికారంటే, దొరికినా దొరక్కపోయినా ఆమె మర్నాడు ఉండదు.

ముందుగా చేయాల్సింది: ఆమె చేరకముందే నగలు, డబ్బు లాకర్‌కో కూతురింటికో తరలించండి. అమ్మ ఒంటి మీద ఉన్నవాటిని ఆమె ఎదుటే ఫోటో తీసి నోట్‌బుక్‌లో రాయండి. అమ్మ ఎప్పుడూ దాచే చోట్లు (దిండు గలీబు, బియ్యం డబ్బా, దేవుడి గూడు) ఆమెకూ చెప్పండి. అమ్మ నింద వేసినప్పుడు "లేదమ్మా, నేను బ్యాంకులో పెట్టాను" అని మీరే మీద వేసుకోండి. తర్వాత వంటింట్లో ఆమెతో "అమ్మ మాట పట్టించుకోకు, నాకు తెలుసు" అని విడిగా చెప్పడం మరచిపోవద్దు.

రెండోది ఎవరూ మాట్లాడరు. మెదడు జబ్బు వల్ల కొందరు పెద్దాయనలు స్నానం దగ్గర అసభ్యంగా ప్రవర్తిస్తారు, జబ్బు లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు. ఆమె చెప్పినప్పుడు నవ్వేయకండి, "పెద్దాయన కదా" అనకండి. ఆ పనికి మగ అటెండెంట్‌ని గంట మాట్లాడుకోండి, డాక్టర్‌కి చెప్పండి. జబ్బు లేని పెద్దాయనైనా, ఇంట్లో ఇంకెవరైనా అది లైంగిక వేధింపే. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లకీ వర్తిస్తుంది, జిల్లా స్థానిక కమిటీకి ఆమె ఫిర్యాదు చేయొచ్చు.

కెమెరా పెట్టాలనుకుంటే హాల్లో, అమ్మ మంచం వైపు పెట్టండి. ఎక్కడ ఉందో ఆమెకి చూపించండి. ఆమె పడుకునే చోట, బట్టలు మార్చుకునే చోట వద్దు. అమెరికా నుంచి కెమెరాలో చూసి "అయిదు నిమిషాల నుంచి ఫోన్ చూస్తున్నావే" అని కాల్ చేసే కొడుకు ఉన్న ఇంట్లో ఎవరూ నిలవరు.

11. చిన్న వృద్ధాశ్రమం నడిపేవాళ్లకి

పైన చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి. అదనంగా మూడు మాటలు.

డ్యూటీ చార్ట్ నెల ముందే గోడ మీద ఉండాలి. ఒకరు రాకపోతే ఉన్నవాళ్లనే మళ్లీ 12 గంటలు ఉండమనడం అలవాటైతే నెలలో ఇద్దరు పోతారు, అప్పుడు మిగిలినవాళ్ల మీద ఇంకా భారం పడుతుంది. రాత్రి డ్యూటీ వరుసగా ఒకరికే వేయకండి.

మంచాన ఉన్నవాళ్లనీ, నడిచేవాళ్లనీ కలిపి తలకి ఇంతమంది అని పంచకండి. ఎవరికి ఎంత సాయం కావాలో చూసి పంచండి. బరువైనవాళ్లందరూ ఒక్కరి వంతుకి వస్తే ఆ ఒక్కరే ముందు మానేస్తారు.

జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐలో యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. మీ సంస్థకి వర్తిస్తుందేమో ఈఎస్‌ఐ కార్యాలయంలో కనుక్కోండి. ఆసుపత్రి కార్డు ఉన్న ఉద్యోగం అంటే ఇంట్లోవాళ్లు కూడా "మానొద్దు" అంటారు.

12. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వెంటనే చేయగలిగినవి

- *అమ్మ ఆసుపత్రిలో చేరితే జీతం ఆపడం.* ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా ఇంట్లో ఉంచి కనీసం సగం జీతం ఇవ్వండి. ఊరికే "మళ్లీ పిలుస్తాం" అంటే వేరే ఇంట్లో చేరిపోతుంది.
- *అమ్మ మూణ్ణెల్లు అన్నయ్య దగ్గర, మూణ్ణెల్లు నా దగ్గర.* మనిషి కూడా అమ్మతోపాటే వెళ్లేలా రెండు ఇళ్లవాళ్లూ మాట్లాడుకోండి. జీతం, సెలవు రెండుచోట్లా ఒకటే ఉండాలి.
- *పాత మనిషితో పోల్చడం.* "లక్ష్మి అయితే ఇలా చేసేది" అంటే లక్ష్మి ఎందుకు వెళ్లిపోయిందో అని ఆలోచిస్తుంది.
- *చుట్టాలొచ్చినప్పుడు వంటకి దింపడం.* ఆ రోజుకి వంటమనిషిని పిలవండి.
- *అమ్మ ముందే ఆమెను తిట్టడం.* ఆ తర్వాత అమ్మ కూడా మాట వినదు. ఏదైనా ఉంటే పక్క గదిలో చెప్పండి.
- *ఆమె ఫోన్ లాక్కోవడం.* పిల్లలతో మాట్లాడుకునే అరగంట ముందే ఖాయం చేయండి, ఆ అరగంట అమ్మ దగ్గర మీరుండండి.

13. మానేస్తానన్నప్పుడు, పని అయిపోయినప్పుడు

మానేస్తానంటే అప్పటికప్పుడు జీతం పెంచేస్తానని బతిమాలకండి. కూర్చోబెట్టి అడగండి: నిద్రా, నడుమా, ఎవరైనా అన్నారా, ఇంటి దగ్గర సమస్యా, వేరే చోట ఎక్కువ ఇస్తామన్నారా? కువైట్‌కో, ఇజ్రాయెల్‌కో కేర్‌టేకర్‌గా వెళ్లే అవకాశం వస్తే మీరు పోటీ పడలేరు, పంపించేయండి. మిగతావాటిలో చాలావరకు వారం రోజుల్లో సరిచేయొచ్చు. వారం గడువు అడిగి, చెప్పిన మార్పు ఆ వారంలోనే చేసి చూపించండి.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే:

- పదిహేను రోజుల గడువు అడగండి, అంతకు మించి పట్టుబట్టకండి.
- కొత్త మనిషికి మూడు రోజులు నేర్పిస్తే అదనంగా డబ్బు ఇస్తానని చెప్పండి.
- వెళ్లే రోజునే బాకీ మొత్తం చెల్లించండి, అడ్వాన్సులో మిగిలింది రాసుకుని సర్దండి.
- వెళ్లాక రెండు నెలలకి ఫోన్ చేయండి. కొత్త చోటు నచ్చక తిరిగొచ్చేవాళ్లు ఉంటారు.

పెద్దవాళ్లు పోతే ఆమె ఉద్యోగం కూడా ఆ రోజే పోయినట్టు. ఆ హడావిడిలో ఆమె సంగతి ఎవరికీ గుర్తుండదు, పదో రోజు దాకా వచ్చినవాళ్లందరికీ గిన్నెలు కడుగుతూ ఉంటుంది. ఆ రోజులకి జీతం ఇవ్వండి, దానిపైన ఒక నెల జీతం ఇవ్వండి. ఎన్నాళ్లు చేసింది, ఏ ఏ పనులు వచ్చు అని ఒక కాగితం మీద రాసి, మీ నంబరు వేసి సంతకం పెట్టి ఇవ్వండి. ఆమె వేరే ఇంటికి వెళ్లాక అక్కడివాళ్లు మీకు ఫోన్ చేస్తారు, ఎత్తి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.